వంతెన దాటగానే ఎడమ చేతి వైపు

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలా కాలమైంది. బల్ల నిండా మ్యాపు పరుచుకుని ఉంటే కంచాలు ఎక్కడ పెడతారు? భర్త గుమ్మానికి ఆనుకుని నిలబడి తినేవాడు. అత్తగారు వంటింట్లో పీట మీద కూర్చుని, మనకీ ఒక భోజనాల బల్ల ఉందని ఎవరితోనైనా అంటే నవ్విపోతారని గొణుక్కుంటూ తినేవారు. కోడలూ మామగారూ మాత్రం కంచాలు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మ్యాపు మీద పెట్టి, ఏం తింటున్నారో కూడా చూసుకునేవారు కాదు. ఒకరోజు మామగారి కప్పులోంచి టీ చుక్క జారి పెద్ద జంక్షన్ పక్కన పడింది. కోడలు ఆ పూటంతా ఆయనతో మాట్లాడలేదు. సాయంత్రం ఆయనే దగ్గరికొచ్చి, అక్కడ నిజంగానే ఒక చెరువు ఉండేదమ్మాయ్, అలా ఉంచెయ్ అన్నారు. ఆవిడకి నవ్వొచ్చేసింది. కోపం ఇంకేం నిలుస్తుంది!

ఇంతకీ ఆ మ్యాపు పాత లోకో షెడ్లది. బొగ్గు ఇంజన్లు నడిచిన రోజుల్లో వాటికి అక్కడక్కడా ఇళ్లు ఉండేవి. రైళ్లు లాగి లాగి అలిసిపోయి వచ్చిన ఇంజనుకి అక్కడ బూడిద దులిపి, నీళ్లు పట్టి, బొగ్గు పోసి, ఒళ్లంతా తుడిచి మళ్లీ పనికి పంపేవాళ్లు. బొగ్గు ఇంజన్లు పోయాక ఆ షెడ్ల అవసరమూ పోయింది. కొన్ని కూలిపోయాయి, కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని ఏమయ్యాయో అడిగినా చెప్పేవాళ్లు లేరు. రైల్వే మ్యూజియం వాళ్లకి ఇన్నాళ్లకి బుద్ధి పుట్టి, అవి ఎక్కడెక్కడ ఉండేవో, ఎప్పుడు కట్టారో, ఎప్పుడు మూసేశారో ఒక గోడంత మ్యాపుగా గీయిద్దామనుకున్నారు.

కోడలిది మునిసిపల్ ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం. వారమంతా మురుగు కాలువలు గీస్తుంది. ఏ వీధి కింద ఏ గొట్టం పోతుందో ఆ వీధిలో పుట్టి పెరిగినవాళ్ల కంటే ఆవిడకే బాగా తెలుసు. అలాంటి మనిషికి మురుగు వదిలి ఇంజన్లు గీసే అవకాశం వస్తే కాలు నిలుస్తుందా? ఆ పని చూస్తున్న మ్యూజియం మేడమ్ అడగడమే ఆలస్యం, ఒప్పేసుకుని ఇంటికొచ్చి మామగారికి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి, అప్పుడే బయల్దేరాలన్నట్టు చెప్పులు వెతుక్కున్నారు.

ఆయన గురించి కాస్త చెప్పాలి. ఇంజన్ల కింద బూడిద ఎత్తే పనితో మొదలుపెట్టి, పొయ్యిలో బొగ్గు వేసి, చివరికి ఇంజను నడిపి రిటైరైన మనిషి. కాలనీలో అందరూ విజిల్ తాతయ్య అంటారు. సందు మలుపు తిరిగే ముందు ఈల వెయ్యకుండా ఆయన అడుగు వెయ్యరు మరి. అవతల పిల్లి ఉన్నా సరే, దానికి చెప్పే తిరుగుతారు. ఇక కోతలు కోయడం మొదలుపెడితే ఆయన్ని ఆపగలిగినవాళ్లు ఇంకా పుట్టలేదు. ఆయన బండి ఒకసారి వేళకంటే ముందే చేరిపోతే, స్టేషను మాస్టరు తన గడియారమే తప్పనుకుని ముల్లు జరుపుకున్నాడట. విన్నవాళ్లు ఆయన ముందు తలూపి, వీధి చివరికి వెళ్లాక నవ్వుకునేవాళ్లు. అత్తగారు మాత్రం ఒకటే మాట అనేవారు.

"మీ మామయ్య కోతలు కోస్తారు గానీ అబద్ధం చెప్పరమ్మా."

ఆ రెండింటికీ తేడా ఏమిటో కోడలికి చాలాకాలం అంతుపట్టలేదు.

మేడమ్ పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి షెడ్డు దగ్గరా చేత్తో తాకగలిగింది ఏదో ఒకటి మిగిలి ఉండాలి. గోడ ముక్క కావచ్చు, గుంట కావచ్చు, పట్టా ముక్క కావచ్చు. ఉత్త మాటలు నమ్మి మ్యూజియం గోడ మీద చుక్క పెట్టనని ఆవిడ మొదటి రోజే తెగేసి చెప్పింది. సరే, అలాగే తాకి చూపిస్తామని వీళ్లూ అన్నారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం కాళ్లకి బలపం కట్టుకున్నట్టే తిరుగుడు. కోడలు స్కూటరు నడిపేది. వెనక మామగారు, ఆయన ఒళ్లో కొలతల టేపు, చంకలో గొడుగు. దారిలో ఎక్కడైనా నేల నల్లగా కనిపిస్తే ఆయన వెనకనుంచి ఈల వేసేవారు, ఆవిడ బ్రేకు వేసేది. ఏళ్ల తరబడి ఇంజన్ల బూడిద పోసిన నేల ఎన్ని వానలు కురిసినా రంగు మారదు. అక్కడ దిగి, కాలిపోయిన బొగ్గు గడ్డ ఒకటి ఏరుకుని జేబులో వేసుకుంటే తప్ప ఆయనకి తృప్తి ఉండేది కాదు. సోమవారం ఆ చొక్కా ఉతికేటప్పుడు అత్తగారి నోటికి అడ్డుండేది కాదు.

ఎన్ని దొరికాయని! ఒక షెడ్డులో సోఫాలు అమ్ముతున్నారు. పొగ పోవడానికి కప్పులో పెట్టిన గొట్టాల్లోంచి పావురాలు దిగి, కొత్త సోఫాల మీద దర్జాగా కూర్చుంటున్నాయి. ఇంకోచోట ఇంజన్లని తిప్పే గుండ్రటి చక్రం ఉండే గొయ్యిలో పిల్లలు బూట్లకి చక్రాలు కట్టుకుని గిర్రున తిరుగుతున్నారు. మామగారు అది చూసి, ఇంజనుకీ పిల్లకీ పెద్ద తేడా లేదమ్మా, రెండూ తిప్పితే గానీ కుదురుగా ఉండవు అన్నారు. మరోచోట నీళ్ల ట్యాంకు దిమ్మ మీద ఒకాయన ఏకంగా ఇల్లు కట్టుకున్నాడు. ఎంత వాన కురిసినా తన గడపలోకి నీళ్లు రావని చెప్పుకుని మురిసిపోయాడు. కోడలు అన్నీ కొలిచింది, గీసింది, పేర్లూ సంవత్సరాలూ రాసింది. ఆ ఏడాది ఆవిడ మురుగు కాలువలు కూడా ఇంకాస్త అందంగా వంపులు తిరిగాయని ఆఫీసులో అనుకున్నారు.

ఒక్కచోట మాత్రం పెన్సిలుతో వేసిన ప్రశ్న గుర్తు అలాగే ఉండిపోయింది. మామగారు కుర్రతనంలో మొట్టమొదట పనిలో చేరిన షెడ్డు అది. రాళ్ల క్వారీకి వేసిన చిన్న లైను మీద, ఒకట్రెండు ఇంజన్లు పట్టే షెడ్డు. క్వారీ మూసేశాక పట్టాలు పీకేశారు, లైను ఉన్నచోట తారు రోడ్డు వచ్చింది. రైల్వే వాళ్ల పాత కాగితాల్లో ఆ లైనైతే ఉంది గానీ దాని మీద షెడ్డనేదే లేదు. మామగారు మాత్రం దాని దారి చెప్పమంటే నిద్రలో లేపినా చెప్తారు. "క్వారీ నుంచి తిరిగొస్తుంటే, వంతెన దాటగానే ఎడమ చేతి వైపు." ఆయన నోట్లో ఆ మాట ఏళ్ల తరబడి నానింది.

ఆ షెడ్డు గురించి ఇంట్లో వినని పూట లేదు. ముఖ్యంగా గూడు సంగతి. ఇంజను కింద దూరి బూడిద లాగడానికి పట్టాల మధ్య పొడుగాటి ఇటుకల గుంట ఉండేదట. ఆ గుంట గోడలో దీపం పెట్టుకోవడానికి మామగారు స్వయంగా తన చేతుల్తో గూడు కట్టారట. ఇటుక కుదరకపోతే అడుగున పట్టాల్ని కలిపే ఇనుప బద్ద ముక్క, రెండు బోల్టు కన్నాలున్నది, వేసి మరీ కట్టారట. అది ఎలాంటి గూడనుకున్నారు? సాక్షాత్తూ ఫోర్‌మన్ దొరగారే గుంటలోకి దిగొచ్చి చూసి, మిగతా వాళ్లందర్నీ పిలిచి చూపించాడట. ఈ కథ మొదలవగానే భర్త మెల్లగా మందుల షాపుకి బయల్దేరేవాడు. షాపు అతనిదే, ఎప్పుడు తెరిచినా అడిగేవాళ్లు లేరు.

వంతెన దగ్గరికి మొదటిసారి వెళ్లిన ఆదివారం వాళ్ల స్కూటరు మొరాయించింది. అదృష్టం బాగుండి రోడ్డు పక్కనే వ్యాన్లు బాగుచేసే మెకానిక్ షెడ్డు కనిపిస్తే తోసుకుంటూ వెళ్లారు. మెకానిక్ మంచి మాటకారి. ముందు టీ తెప్పించి, తర్వాత స్కూటరు సంగతి చూశాడు. షెడ్డు మధ్యలో పొడుగాటి గుంట, దాని మీద ఒక వ్యాను నిలబెట్టి ఉంది. తను అందులోకి దిగే వ్యాన్ల అడుగు చూస్తానని, ఇంత పెద్ద గుంట ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదని, వాళ్ల నాన్న దగ్గరుండి తవ్వించాడని గొప్పగా చెప్పాడు. ఒకటే చిక్కట. లోపల గోడకి ఒక గూడుంది గానీ అది వంకర. టీ గ్లాసు పెడితే చాలు, జారి అంచుకొచ్చేస్తుంది.

మామగారు గట్టు మీద కూర్చునే తొంగి చూశారు. గ్రీజు పట్టి నల్లగా, ఒక పక్కకి వాలిపోయి ఉందది. ఆయన పెదవి విరిచారు.

"ఎవడో చేతకానివాడు కట్టాడయ్యా. వాడికి తాపీ పట్టుకోవడం కూడా రాదు. గూడంటే నేను కట్టిన గూడు చూడాలి."

కోడలికి కథ మొదలవుతుందని భయమేసి టేపు తీసుకుని లేచింది. స్కూటరు అక్కడే వదిలేసి ఇద్దరూ రోడ్డు దాటి, ఎడమ చేతి వైపుకి వెళ్లారు.

ఆ వైపు తుప్పలు, ఒక పాడుపడిన ఇటుకల బట్టీ, నీటి గుంటలు. నేల ఎర్రగా ఉంది. ఎంత వెతికినా నల్ల మట్టి జాడే లేదు. ఆ ఆదివారం అలా గడిచింది, తర్వాతి ఆదివారం కూడా. మూడోసారి గడ్డపార తీసుకెళ్లి తవ్వి చూశారు. తేలు ఒకటి బయటికొచ్చి, వీళ్లని ఎగాదిగా చూసి తన దారిన తను పోయింది. ప్రతిసారీ అలిసిపోయి రోడ్డు దాటొచ్చి మెకానిక్ దగ్గర కూర్చునేవాళ్లు. అతను టీ పోయించి, ఈసారీ దొరకలేదా పెద్దాయనా అని జాలిగా అడిగేవాడు. మామగారు గుంట గట్టు మీద కాళ్లు వేలాడేసి, టీ తాగుతూ, రోడ్డవతలి తుప్పల వంకే చూస్తూ ఉండేవారు.

అప్పుడు మొదలైంది అసలు బాధ. మ్యాపు వచ్చేవారం అచ్చుకి పోతుందని, ఆ ప్రశ్న గుర్తు సంగతి తేల్చమని మేడమ్ ఫోన్ చేసింది. అదే వారం మామగారు షాపు తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయారు. పక్కింటి అమ్మాయిని వాళ్లక్క పేరుతో పిలిచారు. ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి. కానీ రోజూ ముసలివాళ్లకి మందులిచ్చే మనిషికి కొడుకుగా భయం ఉండదా? భర్త రెండ్రోజులు మథనపడి, చివరికి తండ్రి పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు. నాన్నా, మతిమరుపు సంగతి చూసే మంచి డాక్టరు ఉన్నాడు, ఊరికే ఒకసారి చూపిద్దాం, వచ్చే సోమవారానికి చీటీ రాయించాను.

మామగారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. సరే అన్నారు. ఆ సాయంత్రం ఆయన సందు మలుపులో ఈల వెయ్యకుండా తిరిగొచ్చారు. అత్తగారు వంటింట్లోంచి అది గమనించి, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

మర్నాడు పొద్దున ఆయన బల్ల దగ్గరికొచ్చి, ప్రశ్న గుర్తు మీద వేలు పెట్టారు.

"ఇది తీసెయ్యమ్మాయ్. లేదేమో. నేనే ఊహించుకున్నానేమో."

కోడలు ఆ వేలి వంక చూసింది. షెడ్డు దొరక్కపోతే పోయింది, మ్యాపు మీద ఒక చుక్క తగ్గుతుంది, అంతే. కానీ ఈ మనిషి తన తలని తనే నమ్మడం మానేస్తే ఇంట్లో మిగిలేదేమిటి? ఆదివారం దాకా ఆగండి మామయ్యా, రబ్బరు ఎక్కడో పోయింది, దొరగ్గానే తుడిచేస్తాను అంది. రబ్బరు ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

ఇక పని అయిపోయినట్టేనని మామగారే భోజనాల బల్ల ఇంటికి తిరిగి ఇచ్చేద్దామన్నారు. మ్యాపుని లోపలి గదిలో గోడకి తగిలిస్తే సరి. గోడకి అడ్డంగా పాత ఇనుప బీరువా ఉంది, దాన్ని వాకిలి గదిలోకి జరపాలి. ఆదివారం పొద్దున్నే భర్త చొక్కా చేతులు మడిచాడు. బీరువాని తలుపుల వైపు నుంచి వాటేసుకుని, వెనక్కి అడుగులేస్తూ లాగుతున్నాడు. కోడలు అవతలి పక్కనుంచి తోస్తోంది. మామగారు గుమ్మం పక్కన నిలబడి దారి చూపిస్తున్నారు. ఊరికే కూర్చోమంటే కూర్చునే మనిషా?

"ఎడమకి. ఎడమకి రానీ. ఇంకాస్త ఎడమకి."

భర్త తన ఎడమకి లాగాడు. బీరువా వెళ్లి గుమ్మానికి ధడాలున తగిలింది. పైనున్న పెట్టె జారి అతని భుజం మీద పడింది.

"ఎడమకంటే కుడికి లాగుతావేంరా?"

"నాకిది ఎడమే నాన్నా. పోనీ మీ ఎడమా?"

"మధ్యలో నీ ఎడమేమిటి, నా ఎడమేమిటి? బీరువా ఎడమ. దానికి ముఖం ఉంది కదా. నువ్వు ముందుకి తోసినా వెనక్కి లాగినా దాని ఎడమ దానిదే."

భర్త భుజం రుద్దుకుంటూ, బీరువాకి కుడి ఎడమలేమిటి, రేపు చెంబుకీ పీటకీ కూడా ఉంటాయేమో అని విసుక్కున్నాడు. అత్తగారు మాత్రం, పెళ్లైన కొత్తలో ఈ ఎడమతోనే తన పెట్టె కాలవలో పడిందని గుర్తుచేశారు. వాళ్లు అలా వాదించుకుంటూనే ఉన్నారు. కోడలు బీరువా వెనకే, రెండు చేతులూ దానికి ఆనించి, కదలకుండా నిలబడిపోయింది.

"మామయ్యా, క్వారీ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంజను ముఖం ఎటుండేది?"

"ఎటుంటుంది, క్వారీ వైపే. అక్కడ తిప్పడానికి చక్రం లేదుగా. వెళ్లేటప్పుడు ముఖం ముందు, వచ్చేటప్పుడు వెనక్కి వెనక్కి నడుపుకుంటూ..."

ఆయన మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆయన బీరువా వంక చూశారు. కొడుకు భుజం వంక చూశారు. తర్వాత కోడలి వంక చూశారు.

మనుషుల ఎడమ మనుషులు తిరిగినట్టల్లా తిరుగుతుంది. ఇంజను మీద బతికినవాళ్ల ఎడమ అలా కాదు. పొగ గొట్టం ఎటుంటే అదే ముందు, బండి ఎటు నడిస్తేనేం, ఇంజను ఎడమ ఇంజనుదే. వంతెన దాటగానే ఎడమ అని షెడ్డులో అందరూ అనేవాళ్లు, ఈయనా అదే అన్నారు. వెనక్కి నడిచే ఇంజనుకి ఎడమ అంటే, రోడ్డు మీద ముందుకి వచ్చే స్కూటరుకి కుడి! ఇన్ని ఆదివారాలు వీళ్లు రోడ్డుకి తప్పు పక్కన తుప్పలు తవ్వుతూ కూర్చున్నారు.

"మరి కుడి పక్కన ఏముందమ్మాయ్?" అన్నారు మామగారు.

కుడి పక్కన ఏముందో ఇద్దరికీ బాగా తెలుసు. అక్కడ కూర్చునే కదా వచ్చినప్పుడల్లా టీ తాగింది.

బీరువా గుమ్మంలో అడ్డంగా అలాగే ఉండిపోయింది. దాని పక్కనుంచి ఒక్కొక్కరే ఒళ్లు అడ్డంగా తిప్పి బయటపడ్డారు. కోడలు మ్యూజియం మేడమ్‌కి ఫోన్ చేసింది. తాడో పేడో ఇవాళే తేల్చుకుందాం, నేనూ అక్కడికే వస్తున్నానంది ఆవిడ. స్కూటరు మీద మామా కోడళ్లు, వెనక ఆటోలో అత్తగారూ భర్తా. వంతెన వచ్చేదాకా కోడలిది ఒకటే ఆలోచన. మేడమ్‌ని పిలిపించి మరీ, తీరా ఆ గుంట నిజంగానే మెకానిక్ వాళ్ల నాన్న తవ్వించిందైతే? సోమవారం డాక్టరు దగ్గరికి ఈయన ఏ ముఖంతో వెళ్తారు?

మెకానిక్ ఇంతమందిని ఒకేసారి చూసి, అందరి బళ్లూ చెడిపోయాయా అని అడిగాడు. కోడలు సంగతంతా చెప్పింది. అతను తల గోక్కున్నాడు. గుంట మీ నాన్న తవ్వించిందే కదా అని కోడలు మరోసారి అడిగితే, ఇటు చూశాడు, అటు చూశాడు.

"తనే తవ్వించానని నాన్నే చెప్పేవాడక్కా. ఆయన కూడా కాస్త కోతలు కోసే మనిషే."

గుంట మీదున్న వ్యానుని బయటికి తోశారు. మొట్టమొదటిసారి గుంట మొత్తం కనిపించింది. వ్యానుకి అవసరమైనంత మేర వదిలి, మిగతాదంతా చెక్కలతో కప్పి ఉంది. ఒక్కో చెక్కా తీస్తూ పోతే గుంట సాగుతూ సాగుతూ వెనక గోడ దాకా పోయింది. ఇంత పొడుగు గుంట ఏ వ్యానుకి కావాలి? గట్ల వెంబడి ఇటుకలు మసి బారి ఉన్నాయి. మామగారు చెప్పులు విడిచారు. అత్తగారు జాగ్రత్త అనబోయి ఊరుకున్నారు. ఆయన మెట్లు దిగి, గోడ మీద చెయ్యి వేసి, మెల్లగా నడుచుకుంటూ వెళ్లారు. మెట్ల వైపు చూడలేదు, కాళ్ల వైపు చూడలేదు. సరిగ్గా గూటి దగ్గర ఆగారు.

మెకానిక్ కిరోసిన్ గుడ్డ అందించాడు. ఆయన గూటి అడుగు తుడిచారు. ఒక పొర గ్రీజు పోయింది, దాని కింద ఇంకో పొర. తుడుస్తుంటే తుడుస్తుంటే నల్లటి ఇనుము బయటపడింది. మధ్యలో రెండు కన్నాలు, పట్టాల్ని కలిపే బద్దలకి ఉండే బోల్టు కన్నాలు.

మేడమ్ కూడా చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుంటలోకి దిగింది. కన్నాల్లో రెండు వేళ్లు పెట్టి చూసింది. ఆవిడ వేళ్ల నిండా మసి. తాకానండీ, ఇక మీరు చుక్క పెట్టుకోవచ్చు అని కోడలితో చెప్పి నవ్వింది.

భర్త గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని గూటిలోకి తొంగి చూస్తున్నాడు. చిన్నప్పట్నుంచి విన్న గూడు. ఒక పక్కకి ఒరిగి, ఒక ఇటుక లోపలికీ ఒకటి బయటికీ ఉన్న గూడు.

"ఇదేనా నాన్నా? ఫోర్‌మన్ అందర్నీ పిలిచి చూపించాడన్నారు?"

"చూపించాడు. చూపించాడనే కదా చెప్పాను," అన్నారు మామగారు గుంటలోంచి పైకి చూస్తూ. "మెచ్చుకున్నాడని ఎప్పుడైనా చెప్పానా?"

ముందు అత్తగారు నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గట్టు మీద కూలబడి, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వారు. మొన్న మీరే కదా పెద్దాయనా, కట్టినవాడికి తాపీ పట్టుకోవడం రాదన్నారని మెకానిక్ గుర్తుచేశాడు. నిజమేనయ్యా, రాదు, ఆ రోజు ఫోర్‌మన్ కూడా సరిగ్గా అదే మాటన్నాడని మామగారు ఒప్పుకున్నారు. చెప్పీ చెప్పీ ఆయన నోట్లో ఆ గూడు ఎప్పుడో సాపైపోయింది. గోడలో మాత్రం కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. కోడలికి ఇన్నాళ్లకి అత్తగారి మాట అర్థమైంది. నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టి, టేపు చివర ఎవరు పట్టుకున్నారో కూడా చూసుకోకుండా గుంట పొడవు కొలిచింది. మళ్లీ కొలవాల్సి వచ్చింది.

మెకానిక్ అందరికీ టీ తెప్పించాడు. మామగారు ఎంత పిలిచినా పైకి రానంటే గ్లాసు లోపలికే అందించారు. ఆయన దాన్ని గూట్లో పెట్టి, మేడమ్ వైపు తిరిగి, పాత షెడ్డులో బొగ్గు కుప్ప ఎక్కడుండేదో చెయ్యి చాపి చూపిస్తున్నారు. వెనక గ్లాసు మెల్లగా జారడం మొదలుపెట్టింది. కోడలు అయ్యో అనేలోపే ఆయన చెయ్యి వెనక్కి వెళ్లింది. తల తిప్పకుండానే, మాట ఆపకుండానే, అంచు మీదికొచ్చిన గ్లాసుని పట్టేసుకుంది.

"నా దీపం కూడా ఇటే జారేది," అన్నారాయన, "ఎడమకి."

"ఎవరి ఎడమకి నాన్నా?" అన్నాడు కొడుకు.

"గూటి ఎడమకి."

కొడుకు ఆ చేతి వంక చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, కాస్త పక్కకి వెళ్లాడు. సోమవారం రావడం లేదండీ, అవసరం పడలేదు, ఆ చీటీ ఇంకెవరికైనా ఇవ్వండి అని అతను చెప్పడం కోడలికి వినిపించింది. మామగారికీ వినిపించే ఉంటుంది. ఆయన టీ పూర్తిగా తాగి, ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని, గుంట మెట్లెక్కే ముందు గట్టిగా ఒక ఈల వేశారు.